రాయచూరు కాదు, రాయపూర్

రమణా,

మన పరిశోధన వ్యాసం అచ్చయిందిరా. నీ పేరే ముందుంది. కానీ దాని కింద మన కాలేజీ ఊరు రాయపూర్‌కి బదులు రాయచూరు అని వేశారు. విజయనగరం నుంచి మీ అమ్మ పంపిన అప్పడాల పార్సిలు రాయచూరు తిరిగి పొడై వచ్చిన రోజు గుర్తొచ్చింది. "తెలుగు పేరు కనిపిస్తే చాలు, మనల్ని రాయచూరు తోసేస్తార్రా" అని గోల పెట్టావు.

దిద్దమని పత్రికకు రాస్తే, మొదటి రచయితే అడగాలన్నారు. నువ్వు పోయావని రాయక తప్పలేదు.

ఇవాళ సవరణ ప్రూఫు వచ్చింది. ఊరు సరిగ్గానే ఉంది. నీ పేరు పక్కన మాత్రం ఒక చిన్న గుర్తు, అడుగున 'దివంగతులు' అనే మాట. అది లేకుండా వేయరట. ఇక్కడే దేవేంద్ర నగర్‌లో మీ ఇంటికి వెళ్లి మీ ఆవిడకి చూపించాను.

"దిద్దించండి అన్నయ్యా, ఆయన పనిచేసింది ఇక్కడే కదా" అంది, ఆ గుర్తు వైపు చూడకుండా.

ఈ టపాలో వెళ్లకపోతే సవరణ ఇక వేయరు. ప్యూను రెండోసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సర్, డాక్ జా రహీ హై, జల్దీ కర్ దీజియే" అంటూ, టపా వెళ్లిపోతోందని తొందరపెడుతున్నాడు. ప్రూఫు అడుగున నేను ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

సంతకం పెడితే నువ్వు రాయపూర్ వాడివవుతావు. పెట్టకపోతే, రాయచూరులో బతికే ఉంటావు.