డ్రమ్ము లేవలేదు

జూలై 8, మంగళవారం

విచారణలో గెలిచాను. లాల్‌దర్వాజాలోని మా గల్లీ బర్రెల కొట్టాలను నగరం అవతలికి తరలించాలన్న ప్రతిపాదన ఆగింది. పేడ నాలాలో కలుస్తోందన్నదే మున్సిపాలిటీవాళ్ల ఏకైక అభియోగం. ఇకమీదట కలవదని నిరూపించాను. కొట్టాల నీళ్లు, ఇళ్ల మురుగు, పేడ – అన్నీ కొత్త రియాక్టర్‌లోకి పోతాయి. గాలి చొరబడని ఆ తొట్టిలో సూక్ష్మజీవులు వాటిని తిని గ్యాసు వదులుతాయి. మిగిలిన నీరు కంకర వడపోత దాటి తేటపడి బయటికి వస్తుంది. గ్యాసుతో మా కోవా కాచే భట్టీ మండుతుంది.

ఇరవై తొమ్మిదిన విచారణ జరిపిన అధికారిణి స్వయంగా వచ్చి ఆ మంట చూస్తుంది. తేదీ నేనే అడిగాను. మండితే కొట్టాలు ఉంటాయి. మండకపోతే బాపు బర్రెలు లారీ ఎక్కుతాయి.

బాపు మెచ్చుకోలు – "మస్తు మాట్లాడినవ్ బిడ్డా. ఒక్క ముక్క సమజ్ కాలే."

జూలై 12, శనివారం

తొట్టి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము ఉదయానికి నా భుజం దాకా లేచింది. గ్యాసు నిండితే లేస్తుంది, వాడితే దిగుతుంది. నేనెరిగిన సాక్షులలో ఇంత సూటైనది లేదు.

రియాక్టర్ చూసుకునే యూసుఫ్ భాయ్ మొఘల్‌పురా నుంచి వస్తూనే ఎత్తిపొడుపు. "ఏం వకీల్ సాబ్, మీ క్లయింటు తబియత్ ఎట్లున్నది?"

సాయంత్రం గల్లీవాళ్లను కూర్చోబెట్టి చెప్పాను – ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ ఏదీ మోరీలో పోయరాదు. లోపలి జీవులు చస్తాయి. అందరూ తలలూపారు. ఒక్క ఎదురుప్రశ్న లేదు. చర్చ ముగిసిందనుకున్నాను.

జూలై 18, శుక్రవారం

కాలేజీలో రోజంతా డిబేట్ పోటీ. మొదటి బహుమతి. ఇంటికి వస్తుంటే గల్లీ మలుపులోనే ఘాటు... కళ్లు మండాయి. ప్రతి కొట్టం ముందూ తెల్లటి నీళ్లు. మా గడపలో అమ్మ, చీపురు, బ్లీచింగ్ పౌడర్ డబ్బా.

"నేను చెప్పిన గదనే అమ్మా."

"చెప్పినవ్. అది మామూలు దినాలకు. ఎల్లుండి బోనం ఎత్తే ఇల్లు, పేడ వాసనతోటి ఉంచాల్నా? అమ్మవారు ఏమనుకుంటది?"

"అందరు గిట్లనే కడిగిండ్రా?"

"మా అత్త కాలంసంది గిట్లనే. నీ రియాక్టర్ నిన్నగాక మొన్న వచ్చింది."

వాదించాను. ప్రతి అంశంలోనూ గెలిచాను. ఆమె చీపురు ఆగలేదు. రియాక్టర్‌లోకి పోయే తూము గేటు మూయడానికి పరుగెత్తాను. అప్పటికే గల్లీ అంతా కడిగేసి ఉంది.

జూలై 20, ఆదివారం

బోనాలు. డప్పులు. అమ్మ తల మీద పసుపు పూసిన కుండ, వేపమండలు, వెలుగుతున్న దీపం. ముఖంలో గొప్ప శాంతి.

డ్రమ్ము నడుము దాకా దిగింది.

జూలై 22, మంగళవారం

తొట్టి దగ్గర పులిసిన వాసన. పరీక్ష కాగితం ముంచితే ఎర్రబడింది. డ్రమ్ము మోకాలి దగ్గర.

"కడుపు చెడింది దీనికి. పుల్లతేన్పులు," యూసుఫ్ భాయ్ అన్నాడు. నవ్వలేదు.

లోపలికి కొత్త మురుగు రాకుండా ఆపాం. అంటే గల్లీ మురుగంతా నేరుగా నాలాలోకే. విచారణలో నేను కొట్టిపారేసిన అభియోగం ఇప్పుడు మా గల్లీ చివర నురగలు కక్కుతూ పారుతోంది.

జూలై 24, గురువారం

పులుపు విరగడానికి సున్నపు నీళ్లు కొద్దికొద్దిగా. వాటి మీద తాజా పేడ కలిపిన జావ. బర్రె కడుపులో ఉండే జీవులే ఆ తొట్టిలోనూ బతకాలి, కాబట్టి విత్తనం అక్కడి నుంచే. బాపు స్వయంగా కలిపి పోశాడు. కిందటి నెలలో ఇదే పని చెబితే నవ్వినవాడు.

"ఎన్ని దినాలు పడ్తది భాయ్?"

"వారాలు బేటీ. ఇది పాలల్ల తోడేసుడు కాదు."

వారాలు లేవు.

జూలై 26, శనివారం

చూలు బర్రె కాళ్లు మార్చుకుంటూ నిలబడి ఉంది. బాపు దాని మెడ నిమురుతున్నాడు, నా వైపు చూడకుండా. "లారీల ఎట్ల ఈనుతది ఇది..."

అప్పుడే యూసుఫ్ భాయ్ మెల్లగా – "భట్టీ వెనుకంగ సిలిండర్ పైపు పెడ్త. మేడం మంట చూస్తది, గోడ వెనుక చూడదు."

నేను వద్దన్నాను. గట్టిగా. గడువు కోరతానన్నాను.

"గడువు అడిగితే ఓడినట్టే అని విచారణ దినం నువ్వే అన్నవ్ గద," అన్నాడు బాపు.

జూలై 28, సోమవారం

గడువు కోరాను. ఫోనులో అధికారిణి – "తేదీ అడిగింది మీరే కదండీ?"

అవును.

జూలై 29, మంగళవారం

ఆమె వచ్చింది. డ్రమ్ము తొట్టి అంచు మీద చచ్చిన జంతువులా ఆని ఉంది. భట్టీ మాత్రం భగభగ మండుతోంది. కడాయిలో పాలు మరుగుతున్నాయి. బాపు తెడ్డుతో కలుపుతున్నాడు, తల ఎత్తడు. యూసుఫ్ భాయ్ వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు, ఎన్నడూ లేనంత వినయంగా.

నాకు చెప్పకుండా చేశారు. చెప్తే ఆపుతానని.

"ఎలా పనిచేస్తుందో మీరే వివరించండి," అంది అధికారిణి.

వివరించాను. తొట్టి, సూక్ష్మజీవులు, గ్యాసు, వడపోత. విడివిడిగా చూస్తే ప్రతి వాక్యమూ నిజం. ఈ మంట ఆ తొట్టిదేనని ఎక్కడా అనలేదు. ఆమె అడగలేదు. డ్రమ్మును చూడలేదు. కోవా ముక్క నోట్లో వేసుకుని, బాగుందంది.

కొట్టాలు ఉంటాయి.

రాత్రి అన్నం దగ్గర బాపు – "ఇయ్యాల మాత్రం అంత సమజ్ అయింది బిడ్డా."

జూలై 31, గురువారం

బర్రె ఈనింది. ఆడదూడ. అమ్మ జున్ను వండి గల్లీ అంతా పంచింది. తిన్నాను. రుచిగా ఉండడం నాకు కోపం తెప్పించింది.

నాలా వాసన మా మెట్ల దాకా వస్తోంది. ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు.

ఆగస్టు 2, శనివారం

అధికారిణి ఫోను. దబీర్‌పురా కొట్టాలవాళ్లకూ ఇదే షరతు పెట్టారట. రియాక్టర్ కట్టాలి, మంట చూపాలి, లేదా ఖాళీ చేయాలి. వాళ్లు నమ్మడం లేదట. "రేపు పొద్దున మీ గల్లీకి తీసుకొస్తాను. మీరు మాట్లాడితే వింటారు."

వింటారు. అదే భయం. మా మంట చూసి నమ్మి కట్టుకుంటారు. వాళ్ల ఇళ్లలోనూ పండుగకు అలాగే బ్లీచింగ్ పోసి కడుగుతారు. వాళ్లకు పనికొచ్చే మాట ఒక్కటే – ఆ నీళ్లు లోపలికి పోనివ్వొద్దు. తలలూపితే నమ్మను, ఈసారి. మాది ఎలా చచ్చిందో చూపిస్తేనే వాళ్లకు ఎక్కుతుంది. చూపిస్తే బాపు బర్రెలు...

బాపుకు చెప్పాను. దూడను తల్లి పొదుగు దగ్గరికి నెట్టాడు. "నేను చదువుకోలే. నీ ఇష్టం," అన్నాడు. ఇంతకంటే బలమైన వాదం నా మీద ఎవరూ ప్రయోగించలేదు.

ఆగస్టు 3, ఆదివారం

ఉదయం. యూసుఫ్ భాయ్ సిలిండర్ మార్చాడు. బాపు కడాయిలో పాలు పోశాడు. డ్రమ్ము మీద చేయి పెట్టి చూశాను – చల్లగా, బరువుగా. అంచు దగ్గర ఒక బుడగ. మరొకటి రాలేదు.

పోటీలకు ఎప్పుడూ రెండు పక్షాలకూ సిద్ధమై వెళ్లడం నా అలవాటు. ఈ రోజూ రెండు మొదటి వాక్యాలు ఉన్నాయి – ఒకటి మంట గురించి, ఒకటి డ్రమ్ము గురించి.

గల్లీ మలుపులో ఆటోలు ఆగిన చప్పుడు. అమ్మ పిలుస్తోంది – "వచ్చిండ్రే. రా, మాట్లాడు."