గాట్స్ గారి కంచె కింద ఉంగరం

నార్ఫోక్, సెప్టెంబర్ 4

పెద్దలు ఈనిడ్ గాట్స్ గారికి క్లైవ్ థర్టిల్ ఆనందం పట్టలేక రాస్తున్న ఉత్తరం.

బార్లీ కోసిన మీ చేలో మెటల్ డిటెక్టర్‌తో తిరగనిచ్చారు, మీ మేలు మరవలేను. పంతొమ్మిదేళ్ళుగా ఈ యంత్రం మోస్తున్నాను. ఇంతవరకు నా నిధులంటే గుండీలు, తుపాకి గుళ్ళు, మొన్న మీ చేలోనే దొరికిన సీసపు ఆవు బొమ్మ. వాటినే మురిపెంగా అద్దాల బీరువాలో దాచుకున్నాను. నిన్న మీ కంచె కింద యంత్రం కుయ్యిమంది. జానెడు లోతున బంగారు ఉంగరం. లోపలివైపు 'నన్ను విడువకు' అని చెక్కి ఉంది. మూడు వందల ఏళ్ళ నాటిది. అక్కడే చతికిలబడ్డాను.

చట్టప్రకారం, నిధుల సంగతి తేల్చే కరోనర్ గారికి తెలియజేశాను. విచారణ పెడతారు. వారి మనిషి వచ్చి చూసేదాకా ఆ మూల దున్నించకండి.

మీ చేను నమ్ముకున్న
క్లైవ్

తా.క. దొరికినదాంట్లో సగం మీదని మన మాట. ఆవులో ముందు సగం కావాలా, వెనక సగమా?

సెప్టెంబర్ 9

థర్టిల్,

నీ యంత్రం తీసుకుని నా చేను దాటు. అనుమానపు చావులు విచారించే కరోనర్‌ని నా ఇంటికి పిలుస్తావా? నా మొగుడు హెర్బర్ట్ ఇరవై ఆరేళ్ళ కిందట ఇల్లు వదిలి పోయాడు. నేనే చంపి చేలో పాతేశానని ఊరంతా గుసగుసలు. ఇన్నాళ్ళకి సద్దుమణిగాయి. నిన్న కరోనర్ మనిషి మా గేటు దగ్గర నిలబడి, "తవ్విన చోటు ఎక్కడమ్మా?" అన్నాడు. అది విని రొట్టెలవాడి భార్య సైకిల్‌తో సహా మురుగ్గుంటలో పడింది. ఈపాటికి కబురు ఊరు దాటి ఉంటుంది. నీ అనుమతి రద్దు.

ఈనిడ్ గాట్స్

తా.క. వెనక సగం. పాలు అటే వస్తాయి.

సెప్టెంబర్ 12

అమ్మగారూ,

కోపగించుకోకండి. మన దేశంలో చచ్చినవాళ్ళకీ నిధులకీ ఒకే అధికారి. పాత రాజుల ఏర్పాటు. వెంటనే కరోనర్ ఆఫీసుకు ఫోన్ చేసి, "గాట్స్ గారి చేలో హెర్బర్ట్ గారిని ఎవరూ పాతలేదు" అని గట్టిగా చెప్పాను. "హెర్బర్ట్ ఎవరు?" అన్నారు. పేరు రాసుకున్నారు కూడా. ఇక మీకు బెంగ లేదు.

ఇది నిధి అని తేలితే మ్యూజియంలో నా పేరుతో పెడతారు. జీవితంలో ఒక్క నిధి చాలు నాకు. నన్ను వెళ్ళగొట్టకండి.

మీ క్షమ కోరే
క్లైవ్

తా.క. ఉంగరం దొరికిన రోజే అదే గుంటలో దవడ ఎముక కూడా దొరికింది. పందిదే అనుకుంటాను. ముందుజాగ్రత్తగా అదీ వాళ్ళకే పంపాను.

సెప్టెంబర్ 15

నా పాలిట దాపురించిన క్లైవ్‌కి,

నిన్న పోలీసులు వచ్చారు. టీ తాగారు, కేకు మాత్రం ముట్టలేదు. ఇక నిజం చెప్పేస్తున్నా. ఆ ఉంగరం నాది. హెర్బర్ట్ వంశంలో తరతరాలుగా కోడళ్ళకి వస్తోంది. నా పుట్టినరోజు మరిచి ఆయన పావురాల పందేనికి పోయాడు. తిరిగి వచ్చాక ఉంగరం తీసి మొహాన విసిరాను, వెళ్ళి కంచెలో పడింది. "అది దొరికేదాకా గడప తొక్కకు" అన్నాను. నాలుగు రోజులు వెతికాడు. ఐదో రోజు మనిషి లేడు. అన్నది నేనే, ఏడ్చిందీ నేనే.

విచారణలో ఇదంతా చెబుతాను. సొంతదారు ఉన్న వస్తువు నిధి కాదట. నీ కల పోతుంది, నాకూ బాధగానే ఉంది. కానీ హంతకురాలన్న పేరుతో నేను చావలేను.

ఈనిడ్

తా.క. ఆ దవడ మా డచెస్‌ది. ఊళ్ళో చాలామంది కన్నా మంచి పంది. మర్యాదగా తిరిగి ఇప్పించు.

అక్టోబర్ 3

చిరంజీవి క్లైవ్‌కి,

నిన్న "నిధి కాదు" అని తీర్పు వినగానే నువ్వు మొహానికి టోపీ అడ్డం పెట్టుకుని బయటికి పోయావు. అసలు సంగతి ఆ తర్వాతే జరిగింది. వెనక వరుసలోంచి ఒక బట్టతల ముసలాయన లేచి, "నేను చచ్చిపోలేదండి. స్వాఫంలో ఉంటున్నాను" అన్నాడు. హెర్బర్ట్. ఉంగరం సంగతి పేపర్లో చదివి వచ్చాడట. పన్నెండు మైళ్ళ దూరంలో ఇరవై ఆరేళ్ళు. "దొరికేదాకా రావద్దన్నావుగా ఈనిడ్" అన్నాడు. అక్కడే ఏడ్చాను, అక్కడే తిట్టాను. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను.

ఇవాళ పొద్దున్నే ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పబోయాడు. మాట మాటే కదా. ఉంగరం దొరికింది నీకు, ఆయనకి కాదు. మళ్ళీ కంచెలోకి విసిరాను. అప్పటి నుంచి మోకాళ్ళ మీద వెతుకుతున్నాడు. టీ అక్కడికే పంపాను.

నేను బతికున్నంతకాలం నా చేనంతా నీదే. ఆ మూలకి మాత్రం ఇవాళ రాకు.

నీ ఈనిడ్ అత్త

తా.క. నీ యంత్రం అడగడానికి వస్తాడు. పాడైందని చెప్పు. చీకటి పడకముందే లోపలికి పిలుస్తాలే. విసిరింది చొక్కా గుండీ. ఉంగరం నా వేలికే ఉంది. ఇంకోసారి పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు.