స్వర్ణ కంచం వేరు పెట్టొద్దు

నాచారం, 2004

అమ్మా, నేను బాగున్నాను, ఫికర్ చేయకు. చెల్లె స్వర్ణ మోచేతుల మీద పొలుసులు లేస్తున్నాయని దానికి కంచం, చాప వేరు చేశానని రాశావు. నాకు మస్తు కోపమొచ్చింది. అదేమన్నా పరాయి పిల్లనా?

నా మోకాళ్ళకూ అవే పొలుసులు, అదే దురద. దవాఖానాకు పోతే డాక్టరమ్మ ఒట్టి చేత్తోనే పట్టి చూసి, "ఇది సోరియాసిస్. ఒగలకెల్లి ఒగలకు అంటుకోదు" అంది. ఇటుక పెళ్ళతో రుద్దానని చెప్తే, "రుద్దితే ఇంకింత లేస్తది, పిచ్చా నీకు?" అని తిట్టింది. పూర్తిగా పోదట, మలాం, కొబ్బరినూనె రాస్తే అదుపులో ఉంటుందట. నాకు దురద తగ్గింది.

స్వర్ణను రాయితో రుద్దకు. సోమవారం ఇక్కడికి తీసుకురా, చూపిద్దాం. మేక ఈనిందా? నాయనకు దండాలు. ఇంకా దాని కంచం వేరే పెడతానంటే, నేనొచ్చినప్పుడు నాదీ దాని పక్కనే పెట్టు.

నీ కొడుకు దుర్గేష్