కదలని బండికి ఆయిలు

ఒరే తమ్ముడూ,

నీ టర్బో కారు నా ప్రాణం తోడేస్తంది. బండి బయటికి తీద్దామని మెకానిక్కుని పిలిస్తే, ముందు ఇంజనాయిలు మార్చాలన్నాడు. ఘాట్‌రోడ్డుకి చిక్కటిదే మేలని మీ బావ ఒకటే గోల. వినలేదు. కారు పుస్తకంలో నువ్వు గీత గీసిన నంబరుదే పొయ్యమన్నాను.

అయినా ఇప్పుడెందుకు మార్చాలి? "అరకు ఘాట్లో ఒక కిలోమీటరంటే రెండు తిరిగినట్టే అక్కా, ఐదువేలకే మార్చీయాలి" అని నా బుర్ర తినీవోడివి. నువ్వు పోయాక బండి షెడ్డే దాటలేదు, ఐదువేలు ఎక్కడ తిరిగిందని దెబ్బలాడేను.

అతను ఆయిలు కొలిచే పుల్ల తుడుస్తా, "తిరక్కపోయినా పాడైపోద్దమ్మా. ఏడాదైపోనాది కదా," అన్నాడు.

కిలోమీటర్ల లెక్కంతా చెప్పేవు, ఈ ఒక్క ముక్కా చెప్పలేదేట్రా? ఏడాదైపోనాదని నాకు మెకానిక్కు చెప్పాలా?