రఫూ గదిలో ఆగిన చేతులు

కార్మిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రఫూ గదిలోని కృత్రిమ మేధ కెమెరా మా పిన్నిని ఖాళీగా కూర్చునే మనిషిగా లెక్కవేయుట, దానిని సోమవారం లోగా ఆపించుట గురించి.

ఈ ఉదయం మా పిన్ని బస్సు కోసం నిలబడి ఒట్టి గాలిలో వేళ్ళు కదుపుతోంది. "ఏంటి పిన్నీ?" అని అడిగితే, "అలవాటు చేసుకుంటున్నానే. చెయ్యి ఆగితే దానికి కోపం" అంది. దానికి అంటే కెమెరాకు. ఆమె ఇరవై రెండేళ్ళుగా రఫూ చేస్తోంది, అంటే చిరిగిన బట్టకు జాడ తెలియకుండా పోగులు అల్లే పని. నన్ను పెంచింది కూడా ఆమే. ఆ సంగతి అర్జీకి అవసరం లేదేమో.

ఈ క్రింది అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. రఫూలో సగం పని చూడటమే. చిరిగినచోట నిలువు పోగు ఎటు పోయిందో, అడ్డపోగు ఎక్కడ తెగిందో బట్టను వెలుతురుకు పట్టి చూడాలి. మా పిన్ని ఒక్కోసారి పది నిమిషాలు చూస్తుంది. ఆ తర్వాత వేసిన కుట్టు వెతికినా కనబడదు. ఆ పది నిమిషాలనూ కెమెరా 'ఖాళీ' అని రాసుకుంటుంది.

2. యంత్రానికి నేర్పడానికి ముందుగా గదిలో వీడియోలు తీశారు. వేరే భవనంలో కొందరు వాటిని చూసి, ముక్కముక్కకూ 'పని' అనో 'ఖాళీ' అనో గుర్తు పెట్టారు. ఐదు సెకన్లు చెయ్యి కదలకపోతే ఖాళీ అని వారికిచ్చిన కాగితంలో ఉంది. వారిలో ఒక్కరూ రఫూ గదిలో అడుగుపెట్టలేదు.

3. గది తలుపు మీద "స్థానికుల భాగస్వామ్యంతో రూపొందినది" అని బోర్డు ఉంది. ఆ భాగస్వామ్యం ఇరవై నిమిషాలు జరిగింది. కుర్చీలు కెమెరా వైపు జరుపుకోమన్నారు, జరుపుకున్నారు. పిన్ని పక్క కుర్చీలోని పెద్దావిడ చెయ్యెత్తితే "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో లైట్లు ఆర్పేశారు.

4. ఇప్పుడు అందరూ చూడటం మానేసి సూది ఊరికే ఆడిస్తున్నారట. "ఈగలైనా తోలండే, మార్కులు పడతాయి" అని ఆ పెద్దావిడే నవ్విస్తోందట. మా పిన్నికి అది చేతకాదు. నిన్న ఒక కోటు చూడకుండా కుట్టింది. మోచేతి దగ్గర ముడత పడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుని, "ఇన్నేళ్ళలో మొదటిసారి సిగ్గేసిందే" అంది. నేనే వంగి ఆ చెప్పులు విప్పాను.

5. వరుసగా మూడు వారాలు 'ఖాళీ' ఎక్కువైనవారు నాలుగో వారం పనిలోకి రానక్కరలేదని నోటీసు. పిన్నికి ఈ శనివారంతో మూడు.

యంత్రమే వద్దని నా మనవి కాదు. సన్నని చిరుగులు వెతకడంలో దాని చూపు మంచిదని పిన్నే అంటుంది. దానికి నేర్పేచోట రఫూ గదివాళ్ళను కూర్చోబెట్టించండి. ఏది పనో వాళ్ళను చెప్పనివ్వండి. అంతవరకు కెమెరా లెక్క చూసి ఎవరినీ తీసేయకుండా ఉత్తర్వు ఇప్పించండి. శని, ఆదివారాలు తమ కార్యాలయానికి సెలవు కాబట్టి శుక్రవారమే చేయించండి. ఆ రోజు పొద్దుటినుంచి బయట బెంచీ మీద ఉంటాను. పిలవనిదే లోపలికి రాలేను, నా స్వభావం అంతే.

తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రఫూ గదిలో మూడో కుర్చీ ఆమె అక్క కూతురు

మరొక మాట: రెండో అంశంలో గుర్తులు పెట్టినవారని రాశాను. వారిలో నేనొకదాన్ని. ఆ వీడియోల్లో మొహాలు కనబడవు. మా పిన్ని చేతులని తెలిసే, కాగితంలో ఉన్నట్టు 'ఖాళీ' అని పెట్టాను.