అరటిపళ్ళ కింద కాగితం

టైలరింగ్ షాపు ఓనరు గారికి,

మీ కటింగు బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు నిలబడ్డదాన్ని రాస్తున్నాను.

వైరల్ జ్వరం తగ్గి రెండు నెలలైనా నీరసం వదల్లేదని నన్ను చూడ్డానికి వచ్చారు. "ఇక కత్తెర ఏం పడతావులే, ఇంటిపట్టున ఉండమ్మా" అని పళ్ళ సంచి ఇచ్చి వెళ్ళారు. అరటిపళ్ళ కింద నా రాజీనామా కాగితం ఉంది. నేను సంతకం పెట్టడమే తరువాయి.

పళ్ళు పారేయలేదండీ, అన్నీ తిన్నాను. ఆ రోజు నుంచి పూటకు రెండు గుడ్లు, చేపముక్క, గిన్నెడు పెరుగు. నోరు చేదుగా ఉండి ముద్ద దిగకపోతే, నా బల్ల దగ్గర ఇప్పుడు నా బదులు మీ బావమరిది నిలబడ్డాడని తలుచుకుంటాను. అంతే, దిగిపోతుంది.

"మెల్లగా తినవే, ఎవరు తరుముతున్నారు?" అంది మా అక్క.

"నేనే తరమబోతున్నాను" అన్నాను.

నిన్న ఆరు మడతల బట్ట కోసి చూశాను. చెయ్యి వణకలేదు. సోమవారం వస్తున్నాను, బల్ల ఖాళీ చేయించండి.

మీ కాగితాన్ని కత్తెరతోనే కోద్దామనుకున్నాను. కానీ కాగితం కోస్తే బట్టల కత్తెర పదును పోతుంది. మీ బావమరిదికి ఈ సంగతి తెలియకపోవచ్చు. అందుకే మడత మీద మడత పెట్టి చేత్తోనే చింపాను. పదహారు ముక్కలూ ఈ కవర్లోనే ఉన్నాయి. గుడ్లు బాగా పనిచేస్తున్నాయండీ.

మీ కటింగు మనిషి