బాగానే ఉన్నారట

ఏప్రిల్ 4, మధ్యాహ్నం

ఈ డైరీలో ఇన్నాళ్లూ పాలు, కరెంటు, మందుల లెక్కలే రాశాను. ఇవాళ ఇంట్లో ఎవరికీ చెప్పలేని సంగతి ఒకటి వచ్చిపడింది. అందుకే ఇది.

మనవరాలు డాక్టరు. ఆస్పత్రిలో వార్డు డ్యూటీ తగ్గించి, ఏడాదిపాటు రీసెర్చ్ చేసుకోనిస్తున్నారు. రెండు బీపీ మందులు కలిపిన కొత్త మాత్ర పెద్దవాళ్లకు పడుతుందో లేదో చూడాలి. మనుషులు దొరక్క ఏడుపుమొహం పెడితే మా వాకింగ్ బృందాన్ని నేనే పంపాను. పిల్లకి మాట రానివ్వకండి అని మరీ చెప్పాను.

ఇవాళ నేను ఆ బృందంలోనే ఉన్న పక్కింటి వదిన దగ్గర ఉండగా మనవరాలు ఆమెకు ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడిగింది. బాగానే ఉన్నానమ్మా, నాకేం అంది వదిన. ఫోన్ పెట్టేసి లేవబోయి గోడ పట్టుకుంది. మాత్ర మొదలెట్టినప్పటి నుంచీ లేస్తే కళ్లు తిరుగుతున్నాయట. మరి చెప్పవేం అని కసిరాను. మాట రానివ్వొద్దన్నది నువ్వేగా, ఇప్పుడు నామీద ఎగురుతావేం అంది. మిగతావాళ్లదీ ఇదే వరసట. పిల్లకి చెబితే నామీద ఒట్టే అంది.

ఏప్రిల్ 5

చెప్పలేదు.

ఏప్రిల్ 7

ఒక్కరికీ తల తిరగలేదా, ఇంత శుభ్రమైన రిజల్ట్ ఎక్కడా చూడలేదు అని పిల్ల రీసెర్చ్ గైడ్ మెచ్చుకున్నారట. సోమవారం రిపోర్టు వెళ్తే రెండో ఏడాది ఖాయం. లేకపోతే మళ్లీ రోజంతా వార్డే. నేను కంచం పక్కకి జరిపాను. ఉప్పెక్కువైందా అమ్మమ్మా అంది.

నేను జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పాను. "బాగున్నాను" వేరు, "బాగానే ఉన్నాను" వేరు. ఆ "నే"లో సగం బాధ దాక్కుంటుంది. పిల్ల రెండింటికీ ఒకే గడిలో టిక్కు పెట్టింది. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది, ఇక ఎవరిననాలి?

చెబితే పిల్ల ఏడాది కష్టం బూడిద. చెప్పకపోతే, గోడ అందనినాడు? వంటింటికీ వరండాకీ తిరుగుతున్నాను. తలుపులన్నీ తీసే ఉన్నాయి. ఊపిరాడటం లేదు.

ఏప్రిల్ 8, ఉదయం

వదిన మెట్ల మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. మనవరాలే దగ్గరుండి కట్టు వేయించింది. చెప్పు జారిందని చెప్పిందట వదిన. ఆ మెట్లు ఆవిడ ఎప్పుడూ వట్టికాళ్లతోనే దిగుతుంది.

సాయంత్రం

ఒట్టు తీసి గట్టున పెట్టాను. అంతా చెప్పేశాను.

పిల్ల అరవలేదు. ఇంకా ఎవరెవరు అని అడిగింది. సాయమంటే ఇదా అమ్మమ్మా అంది. గదిలోకి వెళ్లి ఫోన్ అందుకుంది.

ఏప్రిల్ 9

ఇక జరగాల్సినవి:

1. అందరూ కొత్త మాత్ర ఆపి, ఆస్పత్రికి వచ్చి చూపించుకోవాలి. పిల్ల ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నేను ఆ గదిలో ఉండకూడదు.

2. ఎలా ఉన్నారని అడగకూడదు. లేవగానే ఏమవుతోందని అడగాలి.

3. సోమవారం రిపోర్టు వెళ్లదు. గైడ్ దగ్గరికి ఒక్కతే వెళ్తానంది. వెళ్లనివ్వాలి.

4. వదిన నాతో మాట్లాడటం లేదు. ఎడమచేత్తో జడ వేసుకోలేదు. రోజూ వెళ్లి, పలకరించకుండా, వేసి రావాలి.